డ్రెస్డెన్‌కి కుటుంబంతో వెళ్తున్నాం: ఇక్కడ ఏం చేయించుకోవాలి, అక్కడ మొదటి నెల ఎలా, కారు లేకుండా చుట్టుపక్కల ఏం చూడొచ్చు?

ప్రశ్న: అరండల్‌పేట 7/1

నమస్కారమండీ. మాది గుంటూరు. మా వారికి జర్మనీలోని డ్రెస్డెన్‌లో చిప్పులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది, బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే నివాస అనుమతి) మీద. అక్టోబరు చివర్లో ఆయనతోపాటే నేనూ, నాలుగేళ్ల పాపా బయల్దేరుతున్నాం. మొదటి నెల ఉండటానికి కంపెనీ సామానుతో ఉన్న చిన్న ఫ్లాటు చూపిస్తానంది. తర్వాత ఇల్లు మేమే వెతుక్కోవాలి.

గుంటూరులో ఉండగానే చేయించుకోవాల్సిన కాగితాలేమిటి? దిగాక ఏ పని తర్వాత ఏ పని? అత్తయ్యగారు నెయ్యి, పచ్చళ్లు, కారాలు, కరివేపాకు అన్నీ కట్టిస్తానంటున్నారు, ఏవి తీసుకెళ్లనిస్తారు? ఇంకొకటి, ఆదివారం అక్కడ షాపులన్నీ మూసేస్తారట. కారు కొనే ఆలోచన ఇప్పట్లో లేదు. పాపతో రైల్లోనో బస్సులోనో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే చోట్లు చెప్పండి. డ్రెస్డెన్ తెలిసినవాళ్లు వివరంగా రాస్తే చాలా మేలు.

జవాబు: పటమటలంక

ముందు పాప కాగితాల సంగతి చూడండి, ఆలస్యమయ్యేది అక్కడే. జనన ధ్రువపత్రంలో పాప పేరు ఉందో లేదో చూసుకోండి. ఆస్పత్రి నుంచి పుట్టుక నమోదయ్యేసరికి పేరు పెట్టి ఉండరు కాబట్టి, మన దగ్గర చాలా పత్రాల్లో పేరు గడి ఖాళీగానే ఉండిపోతుంది. నగరపాలక సంస్థలో పేరు చేర్పించి, తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగు పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉండేలా కొత్త కాపీ తీసుకోండి. పెళ్లి సర్టిఫికెట్టు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుదే కావాలి. శుభలేఖ, కల్యాణ మండపం రసీదు అక్కడ ఎవరూ చూడరు. పన్ను తరగతి మార్చుకోవడానికి, ఆరోగ్య బీమాలో మిమ్మల్ని చేర్చడానికి, పిల్లల భత్యానికి ఈ రెండు పత్రాలే మళ్లీమళ్లీ అడుగుతారు.

మనవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలో ఉంటే, అక్కడి బ్యాంకు, బీమా, రైలు టికెట్ల ఫారాల్లో ఒక్కోచోట ఒక్కో పేరు తయారవుతుంది. వీసా స్టాంపు పడ్డాక పాస్‌పోర్టు మార్చడం పెద్ద తలనొప్పి. మీ ముగ్గురిలో ఎవరిదైనా అలా ఉంటే వీసాకి ముందే విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో సరిచేయించుకోండి.

పాప టీకాల పుస్తకం ప్రాణంతో సమానంగా చూసుకోండి. జర్మనీలో 2020 మార్చి నుంచి మీజిల్స్ టీకా రుజువు లేనిదే కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోరు. రెండేళ్లు దాటిన పిల్లలకి రెండు డోసులు చూపించాలి. మన పుస్తకాల్లో తేదీ ఉంటుంది, సంతకం ఉండదు. లేకపోతే మందు పేరు బదులు పొట్టి అక్షరాలేవో ఉంటాయి. పిల్లల డాక్టరు దగ్గర ఒక లెటర్‌హెడ్ మీద ప్రతి టీకా పేరు, తేదీ ఇంగ్లీషులో రాయించి ముద్ర వేయించుకోండి.

జర్మన్ అనువాదాలు మాత్రం ఇక్కడ చేయించకండి. అక్కడి కోర్టు దగ్గర ప్రమాణం చేసి నమోదైన అనువాదకులు ఉంటారు, ఆఫీసులు నమ్మేది వాళ్ల ముద్రనే. ఇంగ్లీషు పత్రాలు కొన్నిచోట్ల అలాగే ఒప్పుకుంటారు. ఎవరైనా అడిగినప్పుడు, ఆ ఒక్క పత్రమే అనువాదం చేయిస్తే సరిపోతుంది.

మీ వారికి కారు నడిపే అలవాటుంటే గుంటూరు ఆర్టీఏలో అంతర్జాతీయ పర్మిట్టు తీసుకుని పెట్టుకోండి. అక్కడ నివాసం మొదలైన దగ్గర్నుంచి మన లైసెన్సు 6 నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత రాతపరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాయాల్సిందే. రాతపరీక్ష ఇంగ్లీషులో రాయొచ్చు.

జవాబు: ఎల్బే గట్టు

దిగాక పనులన్నీ ఒకే కాగితం వెనక వరసలో నిలబడి ఉంటాయి. అది అన్‌మెల్డుంగ్, అంటే మీరు ఫలానా చిరునామాలో ఉంటున్నారని నగర కార్యాలయంలో నమోదు. చట్టం ప్రకారం ఇంట్లో దిగిన 2 వారాల్లో చేయించాలి. లెక్క విమానం దిగిన రోజు నుంచి కాదు, ఇంట్లో చేరిన రోజు నుంచి. ఆ కార్యాలయాన్ని బ్యుర్గర్‌బ్యూరో అంటారు, దాని అపాయింట్‌మెంటు ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. తేదీ దూరంగా కనిపిస్తే పొద్దున్నే మళ్లీ చూడండి, ఎవరో వదులుకున్నవి పడుతుంటాయి. నగరంలో ఏ శాఖకైనా వెళ్లొచ్చు, ఇంటి దగ్గరదే అక్కర్లేదు.

అక్కడికి తీసుకెళ్లాల్సింది: ముగ్గురి పాస్‌పోర్టులు, పెళ్లి, జనన పత్రాలు, ఇంటి యజమాని సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్, అంటే మీరు ఆ ఇంట్లో చేరారన్న ధ్రువీకరణ. ఈ చివరిదే అందరూ తడబడేది. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు, ఆ ఫారమే కావాలి. కంపెనీ ఇచ్చే మొదటి నెల ఫ్లాటుకి ఈ కాగితం ఇస్తారా అని ఇప్పుడే ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి. తక్కువ రోజుల బసలకి చాలామంది యజమానులు ఇవ్వరు. ఇవ్వకపోతే నెలంతా ఏ పనీ కదలదు.

నమోదు అయ్యాక పన్ను నంబరు పోస్టులో వస్తుంది, సాధారణంగా 2, 3 వారాలు పడుతుంది. అది కంపెనీకి చేరేలోపు జీతం పడితే పన్ను ఎక్కువ కోసే అవకాశం ఉంది. పోదు, తర్వాత సర్దుతారు. కానీ మొదటి నెల ఖర్చుకి ఆ తేడా లెక్కలో పెట్టుకోండి. ఇక్కడ ఇంకో చిన్న పని పెద్ద నష్టం చేస్తుంది: పోస్టు డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద మీ ఇంటిపేరు లేకపోతే పోస్ట్‌మన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. బ్యాంకు పిన్ను, బీమా కార్డు, పన్ను నంబరు అన్నీ ఉత్తరాలుగానే వస్తాయి. దిగిన రోజే కాగితం మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి టేపుతో అంటించండి.

ఆరోగ్య బీమాకి ప్రభుత్వ పద్ధతిలోని సంస్థనే ఎంచుకోండి. అందులో సంపాదన లేని భార్య లేదా భర్త, పిల్లలు అదనపు చందా లేకుండా చేరిపోతారు. ప్రైవేటు బీమా చూడటానికి చవగ్గా ఉంటుంది, కానీ అక్కడ మనిషికొక చందా, వయసుతో పెరుగుతుంది, మళ్లీ ఇటు తిరిగి రావడం కష్టం. కుటుంబం ఉన్నవాళ్లకి దాని జోలికి వెళ్లొద్దనే నేను గట్టిగా చెప్తాను. పాపకి కిండర్‌గెల్డ్ (పిల్లల భత్యం) దరఖాస్తు కూడా నమోదయిన వెంటనే పెట్టండి, 2026 నుంచి బిడ్డకి నెలకి 259 యూరోలు.

కిండర్‌గార్టెన్ సీటుకి నగర పోర్టల్లో పేరు నమోదు చేయాలి. ఈ మధ్య పుట్టే పిల్లలు తగ్గడంతో డ్రెస్డెన్‌లో మునుపటంత కరువు లేదు. సీటు వచ్చాక మొదటి రోజుల్లో తల్లో తండ్రో పిల్లతోపాటు కూర్చోవాలి. మొదట గంట, తర్వాత రెండు గంటలు, అలా అలవాటు చేస్తారు. పిల్లని బట్టి ఇది వారాలు పట్టొచ్చు. బ్లూ కార్డు కుటుంబం కాబట్టి మీకు పనిచేసే హక్కు మొదటి రోజు నుంచే ఉంటుంది, కానీ ఆ వారాల్లో ఉద్యోగం మొదలయ్యేలా ఒప్పుకోకండి.

ఇల్లు. ప్రకటనలో కాల్ట్‌మీటె అంటే ఒట్టి అద్దె. వార్మ్‌మీటె అంటే హీటింగు, నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రత కలిపి. కరెంటు, ఇంటర్నెట్ రెండిట్లోనూ ఉండవు. అడ్వాన్సు ఒట్టి అద్దెకి 3 రెట్లు దాటకూడదని చట్టం, దాన్ని 3 నెలసరి వాయిదాల్లో కట్టే హక్కూ ఉంది. ప్రకటనలో ఐన్‌బౌక్యుషె (అమర్చిన వంటగది) అన్న మాట లేకపోతే వంటగదిలో గోడలు, నీళ్ల గొట్టమే ఉంటాయి: పొయ్యి లేదు, సింకు లేదు, అరలు లేవు. చాలా ఇళ్లలో బల్బు హోల్డర్లు కూడా పాత అద్దెదారు విప్పుకుపోతాడు. కొత్తగా వచ్చినవాళ్లు అద్దె 50 యూరోలు ఎక్కువైనా వంటగది ఉన్న ఇల్లే చూసుకోవడం మేలు. ఇల్లు చూపించకుండా డబ్బు పంపమని, తాళాలు పోస్టులో వస్తాయని చెప్పే ప్రతి ప్రకటనా మోసమే.

ఏ పేటలో అంటే, చిప్పు ఫ్యాక్టరీలు నగరానికి ఉత్తరాన, విమానాశ్రయం వైపు ఉన్నాయి. 7 నంబరు ట్రాము, ఎస్ 2 లోకల్ రైలు అటు వెళ్తాయి. కాబట్టి నగరం మధ్య పారే ఎల్బే నది ఉత్తరపు ఒడ్డున నోయ్‌ష్టాట్, పీషెన్, ట్రాఖావ్, క్లోట్చె చూడండి. 2024 సెప్టెంబరు 11న కరోలా వంతెనలో ఒక భాగం నదిలో పడిపోయింది, దాని మీదుగా వెళ్లే ట్రాములు దారి మారాయి. రోజూ నది దాటే ఇల్లు ఎంచుకునే ముందు ప్రయాణ సమయం యాప్‌లో పని వేళకి పెట్టి చూడండి.

బుడమేరు ముంపు చూసిన ప్రాంతం వాళ్లం కదా, ఇదీ అడగాలి. ఎల్బే నది 2002 ఆగస్టులో డ్రెస్డెన్ కొలత దగ్గర 9.40 మీటర్లకి, 2013 జూన్‌లో 8.78 మీటర్లకి వచ్చింది. 2002లో వైసెరిట్స్ అనే ఉపనది పొంగి రైల్వే స్టేషన్లోకే నీళ్లొచ్చాయి. నగరం వెబ్‌సైటులోని పటంలో ముంపు ప్రాంతాలు వీధి వారీగా కనిపిస్తాయి. నేలమాళిగలో మీకొక చిన్న గది ఇస్తారు, నది పక్క ఇల్లయితే సూట్‌కేసుల్లో కాగితాలు అక్కడ పెట్టకండి. ఇంటి సామాను బీమాలో వరద నష్టం విడిగా చేర్పించాలి, మామూలు పాలసీలో రాదు.

జవాబు: మంగళగిరి నేత

సామాను సంగతి నేను చెప్తాను. నెయ్యి వద్దు. ఐరోపా సమాఖ్య బయటి నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి ప్రయాణికుల సామానులో తేకూడదు. నెయ్యి, పాలకోవా, పనీరు, చికెన్ పచ్చడి, రొయ్యల పొడి కలిపిన మాంసం పచ్చళ్లు అన్నీ ఇంట్లోనే ఉంచండి. దొరికితే తీసుకుని పారేస్తారు, జరిమానా కూడా వేయొచ్చు. అక్కడ ఉప్పులేని వెన్న ప్రతి షాపులో 250 గ్రాముల కడ్డీలుగా దొరుకుతుంది. సన్న సెగ మీద కాచుకుంటే మంచి నెయ్యే వస్తుంది, అత్తయ్యగారికి ఆ మాట చెప్పండి.

పచ్చి కరివేపాకు కూడా వద్దు. పళ్లు, కూరగాయలు, ఆకులకి మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. మినహాయింపు ఉన్నవి అయిదే: అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, డ్యూరియన్. అయితే ఎండు కొబ్బరి చిప్పలు మన విమానాశ్రయంలోనే ఆపుతారు, నూనె ఉండటం వల్ల మండే సరుకు కింద లెక్క. కారం పొడి చేతి సంచిలో పెట్టకండి, చెక్ఇన్‌లోనే వేయండి. కరివేపాకు పొడి, కందిపొడి, నల్లకారం నిరభ్యంతరంగా తీసుకెళ్లొచ్చు.

ఆవకాయ, గోంగూర, పండుమిరప ఎన్నైనా పట్టుకెళ్లొచ్చనుకోకండి, ఇంటి వాడకానికి తగ్గట్టే. సీసాలు కాదు, మందపాటి ప్లాస్టిక్ డబ్బాలు. ముప్పావు వంతే నింపండి. పైన గాలి తగ్గినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి నూనెని మూత సందుల్లోంచి తోస్తుంది, గొంతు దాకా నింపిన డబ్బాలే కారేది. మూత చుట్టూ టేపు, దాని మీద రెండు జిప్ కవర్లు, ఆ పైన పాత తువ్వాలు.

కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జులు. మిక్సీ, తడి గ్రైండరు మాడిపోవు. ప్లగ్గు మాత్రం దూరదు. ప్రయాణాలకి అమ్మే సర్వదేశ అడాప్టరులో చాలావాటికి ఎర్తు ఉండదు, మిక్సీకి అది వాడకండి. ఎర్తు ఉన్న జర్మన్ అడాప్టరు ఒకటి కొని మిక్సీకే వదిలేయండి. పొయ్యి గాజు పలక రకం. కొన్ని ఇళ్లలో ఇండక్షన్, కొన్నిట్లో లోపల తీగ వేడెక్కే రకం. అయస్కాంతం అంటుకునే చదునైన అడుగున్న స్టీలు కుక్కరు రెండిటి మీదా పనిచేస్తుంది. అల్యూమినియం కుక్కరు, గుండ్రటి అడుగున్న మూకుడు తీసుకెళ్తే బరువు దండగ. కుక్కరుకి గాస్కెట్టులు 4, వెయిటు 1, సేఫ్టీ వాల్వులు 2 విడిగా పెట్టుకోండి. మన బ్రాండ్ల విడిభాగాలు అక్కడి మామూలు షాపుల్లో దొరకవు.

సోనామసూరి, కందిపప్పు, మినపగుళ్లు, చింతపండు ఇండియన్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. బియ్యం మోయకండి. ఇడ్లీ పిండి చలికి పులవకపోతే ఓవెన్లో దీపం ఒక్కటీ వేసి, వేడి పెట్టకుండా, గిన్నె రాత్రంతా లోపల ఉంచండి.

వంట వల్ల వచ్చే అసలు సమస్య బూజు. కిటికీలు గాలి చొరబడకుండా బిగుసుకుంటాయి. పప్పు ఉడికిన ఆవిరి, స్నానం ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తడి అన్నీ చల్లటి బయటి గోడ మీద నీళ్లై, మంచం వెనక, బీరువా వెనక నల్లటి బూజు పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు పోయేది దీనివల్లే. కిటికీ సగం వాల్చి రోజంతా వదిలేయడం పరిష్కారం కాదు, గోడ చల్లబడి ఇంకా పాడవుతుంది. రోజుకి 3, 4 సార్లు హీటరు తగ్గించి, ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి, 5 నుంచి 10 నిమిషాలు ఉంచి మూసేయండి. బీరువా గోడకి అయిదారు అంగుళాల ఎడంగా పెట్టండి. బయటికెళ్లినా హీటరు పూర్తిగా ఆపొద్దు.

చలికోట్లు, బూట్లు విజయవాడలో కొనకండి, అక్కడి తడి చలికి అవి ఆగవు. మొదటి వారానికి సరిపోయే స్వెట్టర్లు చాలు. పిల్లల వాన బట్టలు, మంచు బట్టలు పాతవి అమ్మే దుకాణాల్లో, సంతల్లో శుభ్రంగా దొరుకుతాయి.

అరండల్‌పేట 7/1

చాలా సంతోషమండీ, నెయ్యి సంగతి చెప్పి పెద్ద గొడవ తప్పించారు. పాప పేరు పత్రంలో నిజంగానే లేదు, ఈ వారమే వెళ్తాం. ఇక తిరగడం గురించి ఎవరైనా చెప్తారా? ప్రాగ్ రెండు గంటలే అని మా వారు మొదటి వారాంతమే వెళ్దామంటున్నారు. జర్మనీ అంతా తిరగడానికి ఒకటే పాసు ఉందట, దాంతో సరిపోతుందా?

జవాబు: కొండపల్లి కోట

ఆ పాసు పేరు డాయిచ్‌లాండ్‌టికెట్. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58, 2026 జనవరి నుంచి నెలకి 63. ట్రాము, సిటీ బస్సు, లోకల్ రైలు, ప్రాంతీయ రైళ్లు దేశమంతటా చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరప్రాంత రైళ్లలో చెల్లదు. ఇది నెలనెలా తనంతట తాను కొనసాగే చందా. ఆపాలంటే ఆ నెల 10వ తేదీ లోపు రద్దు చేయాలి. 11న గుర్తొస్తే ఇంకో నెల కట్టాల్సిందే. పేరు మీద ఉంటుంది, ఒకరిది ఒకరు వాడకూడదు, తనిఖీలో ఫొటో గుర్తింపు అడుగుతారు. 6 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, కాబట్టి మీకు రెండు పాసులు చాలు. కొనే ముందు మీ వారి కంపెనీ జాబ్‌టికెట్ ఇస్తుందేమో అడగండి, వాళ్లు కొంత భరిస్తే ధర బాగా తగ్గుతుంది.

డ్రెస్డెన్ అదృష్టం ఎస్ 1 లైను. మైసెన్ నుంచి డ్రెస్డెన్ మీదుగా చెక్ సరిహద్దు దగ్గరి ష్యోనా దాకా ఎల్బే ఒడ్డునే పోతుంది, పగలు అరగంటకొకటి. ఎగువకి వెళ్తే సాక్సన్ స్విట్జర్లాండ్ ఇసుకరాతి కొండలు, దిగువకి వెళ్తే ద్రాక్షతోటలు, మైసెన్ కోట. ఎగువకి వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, నది అటే ఉంటుంది.

బాస్టయ్ అనే రాతి బురుజు అందరూ వెళ్లేది. కురోర్ట్ రాటెన్ స్టేషన్లో దిగి, నది దాటాలి. అక్కడి పడవకి ఇంజను లేదు, ఎగువన ఎక్కడో నది మధ్య కట్టిన తాడుకి వేలాడుతూ, ప్రవాహం తోపుకే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జరుగుతుంది. దానికి చిల్లర దగ్గరుంచుకోండి. అవతలి ఒడ్డు నుంచి మెట్ల దారి, నదికి 194 మీటర్ల ఎత్తున రాతి బురుజు, 1851లో కట్టిన 76 మీటర్ల పొడవు రాతి వంతెన. పిల్లల బండి అక్కడ పనికిరాదు, వీపు మీద మోసుకునే సంచి కావాలి. వచ్చిన దారినే దిగకుండా ష్వేడెన్‌ల్యోహర్ లోయ మెట్ల మీదుగా దిగి ఆమ్జెల్ వాగు వెంట రాటెన్ చేరొచ్చు. దాదాపు 700 మెట్లు, ఇరుకు, తడిగా ఉంటే జారుడు. నాలుగేళ్ల పాపతో అయితే ఏప్రిల్ తర్వాతే ఈ చుట్టు వేయండి. ఎక్కకుండా బాస్టయ్ చూడాలంటే పిర్నా నుంచి బస్సు ఉంది.

చిన్నపిల్లలకి నా ఓటు కోనిగ్‌ష్టైన్ కోటకి. అదే ఎస్ 1 లైనులో స్టేషను, ఊళ్లోంచి పైకి బస్సు ఉంది, కోటలోకి లిఫ్టు కూడా ఉంది. పైన 9 హెక్టార్లు దాటిన చదును, చుట్టూ గోడ వెంట నడిస్తే నది వంపు మొత్తం కనిపిస్తుంది. లోపల 152.5 మీటర్ల లోతు బావి ఉంది, అందులో నీళ్లు పోస్తే చప్పుడు పైకి రావడానికి ఎన్ని క్షణాలు పడుతుందో లెక్కపెట్టిస్తారు. పిల్లలు అక్కణ్ణుంచి కదలరు.

మైసెన్‌లో 1710 నుంచి పింగాణీ తయారవుతోంది. ముందు ఆల్బ్రెక్ట్స్‌బుర్గ్ కోటలోనే కార్ఖానా ఉండేది. చేతిపని చూపించే గదులున్నాయి, వాన రోజుకి మంచిది. తూర్పు వైపు బౌట్సెన్ వెళ్తే వీధి పేర్లు జర్మన్‌లోనూ, అక్కడి అల్పసంఖ్యాకుల సోర్బ్ భాషలోనూ ఉంటాయి. ఇంకా ముందుకి గ్యోర్లిట్స్, అక్కడ నడకవంతెన దాటితే పోలండ్.

ఇక మన ప్రాంతంవాళ్లు తప్పకుండా చూడాల్సింది జైఫెన్. ఎర్జ్‌గెబిర్గె కొండల్లో బొమ్మల ఊరు. గనులు తగ్గాక జనం కొయ్యపనికి మళ్లారు. కొండపల్లి బొమ్మల్ని మనం తెల్లపొణికి కర్రని చెక్కి, ముక్కలు అతికి, రంగులేసి చేస్తాం. వాళ్లు తడి స్ప్రూస్ దుంగని చక్రం మీద తిప్పుతూ కంకణంలా కోస్తారు. ఆ కంకణాన్ని కత్తితో పల్చటి ముక్కలుగా చీలిస్తే ఒక్కో ముక్కా ఒక గుర్రమో ఆవో అయి వస్తుంది. తిప్పేటప్పుడు పనివాడికి జంతువు ఆకారం కనపడదు, కోత లెక్క చేతికి తెలిసి ఉండాలి. రైలు లేదు, ఓల్బెర్న్‌హావు నుంచి బస్సు. డిసెంబరు వారాంతాల్లో కిక్కిరిసిపోతుంది, మామూలు రోజున వెళ్లండి.

ఆదివారం షాపులు మూసేస్తారన్నది నిజమే. పెద్ద స్టేషన్లలోవి తెరిచి ఉంటాయి. శనివారం సాయంత్రమే పాలు, రొట్టె, పాప తిండి కొనేయండి. కొండల్లో చిన్న స్టేషన్ల దగ్గర ఏమీ దొరకదు, పులిహోర డబ్బా కట్టుకెళ్లడమే ఉత్తమం. ప్లాస్టిక్ సీసా, డబ్బా పారేయకండి, ఒక్కోదానికి 25 సెంట్లు షాపులో యంత్రంలో వేస్తే తిరిగొస్తాయి.

జవాబు: ఎల్బే గట్టు

ప్రాగ్ గురించి ఒక సవరణ. రెండు గంటల పైచిలుకు ప్రయాణం నిజమే, కానీ ఆ నేరు రైలు ఈసీ, పాసు చెల్లదు. ముందుగా కొంటే టికెట్ చవగ్గా వస్తుంది. ప్రాంతీయ రైళ్లలో వెళ్లినా సరిహద్దు దాటాక చెక్ వైపుకి వేరే టికెట్ కావాలి. మీ వీసాతో 180 రోజుల్లో 90 రోజుల దాకా మిగతా షెంగెన్ దేశాలు (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాలు) తిరగొచ్చు. రైల్లో పోలీసు తనిఖీలు ఉంటాయి, ముగ్గురి అసలు పాస్‌పోర్టులూ వెంట ఉండాలి. ఫోనులో ఫొటో, జిరాక్సు చెల్లవు. మొదటి వారాంతం మాత్రం వద్దని నా సలహా, నమోదు కాగితాల పనిలో పాస్‌పోర్టులు తిరుగుతుండే వారం అది.

కొండల్లో రెండు జాగ్రత్తలు. సాక్సన్ స్విట్జర్లాండ్ జాతీయ ఉద్యానంలో బెరడు పురుగు వల్ల స్ప్రూస్ చెట్లు నిలువునా ఎండిపోయాయి, అవి గాలి లేకపోయినా పడతాయి. మూసిన దారి బోర్డు దాటకండి, గాలి హెచ్చరిక ఉన్న రోజు అడవి దారులు మానేయండి. 2022 వేసవిలో అక్కడ పెద్ద కార్చిచ్చు రేగింది. అడవిలో నిప్పు, సిగరెట్టు పూర్తిగా నిషేధం.

రెండోది పిడుదులు. మన పశువుల మీద చూసేవే, అక్కడ గడ్డి అంచుల్లోంచి మనుషులకి పట్టుకుంటాయి. మెదడువాపు తెచ్చే వైరస్ ఒకటి, లైమ్ జబ్బు ఒకటి వీటివల్ల వస్తాయి. మొదటిదానికి టీకా ఉంది, మూడు డోసులు. డ్రెస్డెన్ ఉన్న సాక్సనీ రాష్ట్రంలో చాలా జిల్లాలు ప్రమాద ప్రాంతాల జాబితాలో ఉన్నాయి కాబట్టి చలికాలంలోనే పిల్లల డాక్టరుని అడిగి మొదలుపెడితే వసంతానికి రక్షణ ఉంటుంది. లైమ్‌కి టీకా లేదు. నడక నుంచి రాగానే మోకాళ్ల వెనక, గజ్జల్లో, చెవుల వెనక, జుట్టు మొదట్లో వెతకండి. కనిపిస్తే చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని నిదానంగా నిట్టనిలువుగా లాగండి. నూనె, కిరోసిన్ పోయకండి, అప్పుడది లోపలి లాలాజలం కక్కుతుంది. కుట్టిన చోట తర్వాతి వారాల్లో ఎర్రటి వలయం పెరుగుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నంబర్లు: ప్రాణాపాయానికి 112, పోలీసుకి 110, ఆస్పత్రులు మూసిన వేళ మామూలు జ్వరాలకి 116117.

అరండల్‌పేట 7/1

పాసు, పాస్‌పోర్టులు, పిడుదుల సంగతి అన్నీ రాసుకున్నానండీ. చివరగా ఒకటి. నవంబరు మొదటి ఆదివారం, చలి అలవాటు లేని పాపతో ఎక్కడికి వెళ్లమంటారు?

జవాబు: కొండపల్లి కోట

కోనిగ్‌ష్టైన్‌కే వెళ్లండి. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఇండియాతో తేడా మూడున్నర నుంచి నాలుగున్నర గంటలవుతుంది. నవంబరు మొదట్లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది. కాబట్టి తొమ్మిది లోపు రైలెక్కి, మూడింటికల్లా తిరుగు రైల్లో ఉండేలా చూసుకోండి. పాపకి ఒక మందపాటి స్వెట్టరు బదులు పల్చటివి మూడు పొరలు వేసి, పైన గాలి ఆపే కోటు వేయండి. కోట గోడల మీద గాలి కొడుతుంది, లోపలి గదుల్లో వేడిగా ఉంటుంది, విప్పి వేయడం తేలిక. చేతి తొడుగులు రెండు జతలు, తడిస్తే మార్చడానికి.

ముందురోజు రాత్రి జర్మన్ రైల్వే వాళ్ల డీబీ యాప్‌లో ఎస్ 1 చూడండి. వారాంతాల్లో పట్టాల పని పెట్టి కొంత దూరం బస్సులు నడుపుతుంటారు, బోర్డు మీద ఎస్‌ఈవీ అని ఉంటుంది. ఆ బస్సుల్లో పిల్లల బండ్లకి చోటు తక్కువ. అలాంటి రోజైతే దిశ మార్చి మైసెన్ వైపు వెళ్లండి. అటూ ఆపేస్తే సిటీ బస్సులో పిల్నిట్స్ తోట, డ్రెస్డెన్ దాటక్కర్లేదు.

నవంబరు చివర్లో ష్ట్రీట్సెల్‌మార్క్ట్ మొదలవుతుంది, 1434 నుంచి జరుగుతున్న క్రిస్మస్ సంత. శని, ఆదివారాల సాయంత్రాలు పిల్లల బండితో అందులో కదల్లేరు. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం మూడింటికి వెళ్తే దీపాలు వెలిగేసరికి మీరు లోపల ఉంటారు. మగ్గుల్లో వేడి పానీయాలు అమ్ముతారు, మగ్గుకి వేరే డిపాజిట్టు తీసుకుని, తిరిగిస్తే ఇచ్చేస్తారు. పాపకి అడిగేటప్పుడు కిండర్‌పున్ష్ అనే మాటే చెప్పండి, గ్ల్యూవైన్ అంటే అందులో మద్యం ఉంటుంది.